రివాల్వరు క్లాసులో నా ఆఖరి మాటలు

ముందే చెప్పేస్తున్నాను, నేను బతికే ఉన్నాను! ఈ చెంపల మీద ఎరుపు చూసి ఏటేటో అనుకోకండి. నిన్న విజయనగరంలో నేను చచ్చిపోతున్నాననుకున్న మాట మాత్రం నిజం. అంతటితో ఆగినా బాగుండేది. ఆఖరి మాటలు కూడా చెప్పేశాను. గట్టిగా! అందరి ముందూ! కూర్చోండి, టీ పోస్తాను, మొదట్నించీ చెప్తాను.

మాకు కొత్తవలస రోడ్డులో పెట్రోలు బంకు ఉంది కదా. మా మావగారు పోయాక అక్కడ కూర్చునేది నేనే. మా ఆయన లెక్కల మాస్టారు. దీపావళికి మతాబా వెలిగించాలన్నా కర్రకి కట్టి వెలిగిస్తారు. అందుకని మావగారి రివాల్వరు కూడా లైసెన్సుతో సహా నా పేరుకే మారింది. సాయంత్రం కలెక్షన్ పట్టుకుని బేంకుకి పోయేదాన్ని నేనే కదా మరి! హేండ్‌బేగులో అది ఉంటే ఆ ధైర్యమే వేరు. కాకపోతే ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా పేల్చిన పాపాన పోలేదు.

ఈసారి రెన్యువల్‌కి వెళ్తే కొత్త రూలన్నారు. ట్రైనింగ్ అయినట్టు సర్టిఫికెట్టు తెచ్చుకోవాలట. లేకపోతే ఇంట్లో ఇంకెవరి పేరుకైనా మార్చుకోవచ్చునట. ఆ మాట చెవిన పడ్డమే తరువాయి, మా మరిది రమణ మా హాల్లో వచ్చి వాలాడు.

"వదినా, నీకెందుకీ తలకాయ నొప్పి? నా పేరున రాయించీ. నాను సూసుకుంతాను."

సూసుకోడం అంటే ఏటో నాకు తెలీదా? పెళ్లిళ్లకి నడుముకి పెట్టుకుని తిరగడం! మావగారున్నప్పట్నించీ వాడికి దాని మీదే కన్ను. మంచోడే పాపం, పిలిస్తే పలుకుతాడు. కానీ అది నాది. నేను బంకులో ఎండకి ఎండి, వానకి తడిసి సంపాదించుకున్న హోదా అది. "సర్టిఫికెట్టు తెస్తాను సూడు!" అన్నాను.

ఇహ నా హుషారు చెప్పకండి! పొద్దున్న లేస్తే గేస్ లైటర్ పట్టుకుని పప్పు డబ్బాకి గురిపెట్టడమే. టక్! పంచదార డబ్బా. టక్! మా ఆయన కాఫీకొచ్చి, తలుపు దగ్గరే ఆగి, చేతులు పైకెత్తేవారు.

సరిగ్గా క్లాసుకి ముందురోజే దసరా పూజ పడింది. బంకులో మనం దేన్ని వదుల్తాం? పంపులకి బొట్టు, జనరేటర్‌కి బొట్టు, నా స్కూటీకి బొట్టు, కాలిక్యులేటర్‌కి కూడా బొట్టు! మరి రివాల్వర్ని ఊరికే వదిలేస్తానా? బుల్లెట్లన్నీ తీసేసి, పీట మీద పెట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టాను. అక్కడితో తృప్తి లేదు నాకు. పూజ గట్టిగా చేస్తే గురి గట్టిగా కుదురుతుందని గుప్పెడు కుంకం తీసి, 'తల్లీ, సర్టిఫికెట్టు ఇప్పించు' అని దాని మీద ఏకంగా అభిషేకమే చేసేశాను. మర్నాడు పొద్దున్న పైపైన గుడ్డతో దులిపి, బొట్లు మాత్రం ఉంచేసి, బేగులో పెట్టుకున్నాను.

ఫైరింగ్ రేంజి ఊరవతల కొండ కింద. రమణే కారు నడిపాడు. వదిన ఫెయిలవడం కళ్లారా చూడాలని కాబోలు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మరీ వచ్చాడు! మా ఆయన కారు దిగక ముందే చెవుల్లో దూది కుక్కేసుకున్నారు.

నేర్పేది ఆర్మీలో చేసి రిటైరైన సుబేదారు గారు. మీసాలు, గొంతు, నడక, అన్నీ ఒక్క లెవెల్లో ఉంటాయి. నా రివాల్వరు తీసుకుని బుల్లెట్ల చక్రం తెరిచి చూశారు, గొట్టంలోంచి వెలుతురు చూశారు. బొట్లు కనబడ్డాయి. ఆయన చేతులు టక్కున ఆగిపోయాయి. బూట్లు విప్పేసి, రివాల్వర్ని కళ్లకద్దుకున్నారు!

"గొట్టం క్లియర్. అమ్మోరి బొట్టు మనం తుడవకూడదు, ఉండనీ," అన్నారు.

ఆ తర్వాత పాఠం. ముందు ఆయన తెచ్చిన ఖాళీ పిస్తోలుతో నేర్పించారు. కాళ్లు ఎడంగా పెట్టడం, రెండు చేతుల పట్టు, ఊపిరి సగం వదిలి ఆపడం. ప్రతి రెండు నిమిషాలకీ ఒకటే కేక. "ఏటయినా అవనీ, కొండే ఇరిగి మీద పడనీ! గన్ను మూతి గురి బోర్డు వైపే ఉండాల. వేలు ట్రిగ్గర్ మీంచి తీసియ్యాల. గన్ను బల్ల మీద పెట్టాల. అర్థమైందా?" "అర్థమైందండీ!" అని నేనూ మిలిటరీ లెవెల్లో అరిచాను. అబ్బ, ఎంత బాగుందో! నా వయసు సగానికి సగం తగ్గిపోయింది.

ఇహ నా రివాల్వరు వంతు. కళ్లకి పెద్ద అద్దాలు పెట్టారు, చెవులకి డిప్పలు తగిలించారు. లోకం అంతా నిశ్శబ్దం. ఎండకి మొహం మీంచి చెమట కారిపోతోంది. బోర్డు మీద నల్ల చుక్క, ఇవతల నేను. వెనక్కి తిరిగి రమణని ఒక్క చూపు చూశాను, చూడరా అని. ఊపిరి సగం వదిలాను. నొక్కాను.

ఢాం!

అంతే! ప్రపంచం ఎర్రగా అయిపోయింది. కొండ ఎరుపు, ఆకాశం ఎరుపు, బోర్డు ఎరుపు! మొహం మీద ఏదో ఫట్‌మని కొట్టింది. చేతులు చూసుకుంటే ఎరుపు. చెమటతో కలిసి మెడ దాకా కారుతోంది. అయిపోయింది, బుల్లెట్టు ఎనక్కొచ్చి నాకే తగిలింది అనుకున్నాను.

కానీ వినండి! ఆ సుబేదారు గారి కేకలు ఎంత లోపలికి దిగిపోయాయో! మూతి బోర్డు వైపే ఉంచాను. వేలు తీసేశాను. రివాల్వర్ని బల్ల మీద మెల్లిగా, గాజు గ్లాసు పెట్టినట్టు పెట్టాను. అప్పుడు పడిపోయాను.

ఎవరో పరిగెత్తుకొచ్చి నా తల ఒళ్లో పెట్టుకున్నారు. నోట్లో నీళ్లు పోస్తున్నారు. చెవులకి డిప్పలున్నాయి కదా, నాకేమీ వినబడదు. నా గొంతు ఎంత గట్టిగా వస్తోందో కూడా తెలీదు. ప్రాణం పోయేలోపు చెప్పాల్సినవి చెప్పెయ్యాలి కదా!

"ఏమండీ! బంకు తాళాలు పోపుల డబ్బా ఎనకాల ఉన్నాయి! మన పిల్లని హాస్టల్నించి బేగి రప్పించండి! రివాల్వరు మాత్రం రమణకియ్యకండి! కొండలో పారేసినా పర్లేదు, ఆ రమణకి మాత్రం ఇయ్యకండీ!"

అప్పుడు మా ఆయన నా చెవుల డిప్పలు, అద్దాలు లాగేశారు. మొహం మీద వేలితో రాసి, వాసన చూసి అన్నారు, "సరోజా, ఇది కుంకం. మనింటి కుంకమే!"

పైన దులిపాను గానీ, చక్రం పక్క సందుల్లోనూ వెనక బుల్లెట్టుని కొట్టే సుత్తి సందులోనూ అభిషేకం అంతా భద్రంగానే ఉంది. పేలిన గాలికి మొత్తం వచ్చి నా మొహాన్ని కొట్టింది. తల ఎత్తి చూశాను. నా తల ఎవరి ఒళ్లో ఉంది? రమణ ఒళ్లో! నల్ల కళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి. ఆ గుంటడి కళ్లమ్మట నీళ్లు. చేతిలో నీళ్ల సీసా. భూమి చీలితే బాగుణ్ణనిపించింది, నిజంగా!

సుబేదారు గారు గొంతు సవరించుకున్నారు. "తప్పులో సగం నాది. కళ్లకద్దుకున్నాను గాని తుడిపించలేదు," అని, నాచేత గంటసేపు రివాల్వరు విప్పించి కడిగించారు. మళ్లీ పేల్పించారు. కొన్ని బోర్డుకి తగిలాయి, కొన్ని కొండకి తగిలాయి. అయినా ఆయన సర్టిఫికెట్టు నా చేతిలో పెట్టారు!

"గురి నెమ్మది మీద వస్తాది. సచ్చిపోతన్నాననుకుని కూడా గన్నుని ఇంత జాగ్రత్తగా దించినోల్లని నా సర్వీసులో సూడలేదు. నీకియ్యకపోతే ఇంకెవరికిత్తాను?"

ఎగిరి గంతేశాను! గెలిచాను! కారెక్కాక గుర్తొచ్చింది, కారు నడిపేది ఎవరో.

మా ఆయన చెవుల్లోంచి దూది తియ్యనే లేదు. దారిలో టీ కొట్టు దగ్గర రమణ కారాపి, గ్లాసు నాకందిస్తూ మెల్లిగా అన్నాడు.

"వదినా, పేణం పోయేటప్పుడు అందరూ దేవుణ్ణి తలుసుకుంతారు. నువ్వు రెండుసార్లు నా పేరు తలుసుకున్నావు. నానంటే నీకింత ఇదని తెల్దు."

ఏం చెప్పమంటారు? ఆదివారం భోజనానికి పిలిచాను. నాటుకోడి, గారెలు, వాడికిష్టమైనవన్నీ! నిజంగా పోయుంటే ఆ ఆఖరి మాట నాతోపాటే పోయేది. బతికిపోయాను చూడండి, అదే నా చావుకొచ్చింది!