చందమామ మీద మగ్గం వేసిన ఇద్దరి కోసం

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలప్పుడు సికింద్రాబాద్‌లో సోలాపూర్ వెళ్ళే బండి ఎక్కాను. స్లీపర్ టికెట్, కిటికీ పక్క సీటు. సంచిలో ఒక జత బట్టలు, పులిహోర డబ్బా, ఒక వాల్‌పోస్టరు. ఆ పోస్టరు చూసే బయల్దేరేటప్పుడు సుజాత నవ్వింది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ పని. ఆవిణ్ణి అడక్కముందే పేరు అచ్చేయించావా?"

సంగతి ఇదీ. వచ్చే ఆదివారం హైదరాబాదులో మేం కొందరం ఒక సభ పెట్టుకున్నాం. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలు రాసిన క్వీర్ రచయితల పండగ. ఆడవాళ్ళను ప్రేమించిన ఆడవాళ్ళు, మగవాళ్ళను ప్రేమించిన మగవాళ్ళు, పుట్టినప్పుడు లోకం వేసిన ఆడ మగ ముద్రను కాదన్నవాళ్ళు కల్పించిన లోకాల గురించి రోజంతా మాట్లాడుకోవాలని. భూమ్మీద ఇల్లు అద్దెకు దొరకనివాళ్ళకు వేరే గ్రహం మీదైనా ఇల్లు దొరికే కథలంటే నాకు ప్రాణం. సుజాతా నేనూ చాలా ఏళ్ళుగా కలిసి ఉంటున్నాం కాబట్టి అద్దె ఇళ్ళ సంగతి నాకు బాగానే తెలుసు.

సభకు వచ్చేవాళ్ళంతా రాసినవాళ్ళే. నోటితో కథ కట్టిన మనిషి నర్సవ్వ ఒక్కతే. సోలాపూర్‌లో బీడీలు చుట్టుకుని బతికే తెలుగు ఆవిడ. ఆమె వాడలోనే పెరిగి ఇప్పుడు మా వీధి ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న స్వప్న, ఎప్పుడో ఫోన్లో రికార్డు చేసుకున్న ఆమె కథను నాకు పంపింది. నర్సవ్వా, లక్ష్మి అనే ఇంకో ఆవిడా భవాని పేట్‌లో ఒకే గదిలో ఉండేవారని కూడా చెప్పింది.

ఆ కథలో ఇద్దరు నేతగత్తెలకు భూమ్మీద మగ్గం పెట్టుకోను జాగా దొరకదు. ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు లేపేస్తారు. చివరికి ఆకాశమంత పొడుగు చద్దరు నేసి, దాన్ని పట్టుకుని చందమామ మీదికి ఎక్కిపోతారు. అక్కడ మగ్గం వేసి రోజుకింత వెన్నెల నేసి భూమికి పంపుతారు. అమావాస్య రోజు మాత్రం పని బంద్. ఆ రోజు ఇద్దరూ ఒక్క చద్దరు కప్పుకుని పడుకుంటారు, అందుకే భూమికి వెన్నెల రాదు. ఇది విని నేను ఏడ్చాను. ఈ కథను నర్సవ్వ తన నోటితో, తన పేరుతో, మా వేదిక మీద చెప్పాలి. నాకు అదొక్కటే కావాలి.

వికారాబాద్ దాటాక ఎదురు సీటాయన అడిగాడు, "ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?" అని. "నేనూ మా అక్కా" అన్నాను. రైల్లో నేనెప్పుడూ చెప్పే మాటే అది.

సోలాపూర్‌లో దిగేసరికి తొమ్మిదయింది. స్టేషను ఎదుట లాడ్జిలో గది తీసుకున్నాను, ఏడు వందలు. మంచం మీద చద్దరు ఆ ఊరిదే, గరుకుగా, బరువుగా ఉంది. కింద హోటల్లో భాకరీ అనే జొన్న రొట్టె, శేంగా చట్నీ పెట్టారు. మన పల్లీకారమే కానీ నూనె ఎక్కువ. కొండంత ఆశతో పడుకున్నాను.

పొద్దున ఏడింటికి బయల్దేరి, ముందుగా భవాని పేట్ చూశాను. సందు సందునా పవర్‌లూమ్‌ల చప్పుడు. పక్కవాడి మాట వినపడాలంటే చెవిలో నోరు పెట్టాల్సిందే. కొన్ని షెడ్లకు తాళాలు వేలాడుతున్నాయి. ఆ ఇద్దరూ ఉన్న గది ఏదో అడుగుదామనుకుని, ఏమని అడగాలో తోచక ఊరుకున్నాను. చాయ్ తాగి సిటీ బస్సెక్కి, నర్సవ్వ ఇప్పుడుండే బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో దిగేసరికి తొమ్మిది దాటింది. ఒకే మాదిరి చిన్న ఇళ్ళు వరసగా, కనుచూపు మేర. నర్సవ్వ ఇల్లంటే ఒక ఆవిడ చెయ్యి చూపించింది. "గా వరండల కూసున్నది సూడు, తెల్ల రైక."

వరండాలో ఎనిమిది మంది దాకా ఆడవాళ్ళు ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నర్సవ్వకు అరవై ఉంటాయి. స్వప్న పేరు చెప్పగానే పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. "కథ ఇందామని వచ్చినావు బిడ్డా? మంచిగయింది, కూసో. ఇప్పుడే షురు అయితది."

ఇక్కడ ఒక పద్ధతుంది. కథ చెప్పేవాళ్ళ చేతులు వెనకబడతాయి కదా. అందుకని కథ అయ్యాక విన్నవాళ్ళంతా తలా ఒక పిడికెడు బీడీలు తీసి ఆమె చాటలో వేస్తారు. లేకపోతే సాయంత్రం కార్ఖానాలో ఆమె లెక్క తగ్గిపోతుంది. రికార్డు చివర గలగలమని వినిపించే చప్పుడు ఏమిటో అప్పుడు అర్థమయింది. నేను ఆనందంతో ఫోను తీశాను.

కానీ మొదలుపెట్టింది నర్సవ్వ కాదు, ఆమె ఎదురుగా కూర్చున్న బాలమణి.

"ఎనుకట ఒక ఊర్ల చెంద్రయ్య అని ఒక నేతగాడు ఉండె. ఆయన పెండ్లం పేరు ఎన్నెలమ్మ. గా మొగడు పెండ్లాలకు మగ్గం ఏస్కోను జాగ దొరుకలే..."

అదే చద్దరు, అదే చందమామ, అదే అమావాస్య. ఇద్దరిలో ఒకరికి మాత్రం మీసాలు మొలిచాయి. చివర్లో కవల పిల్లలు కూడా పుట్టారు. వినేవాళ్ళు నవ్వాల్సిన చోట నవ్వారు, నిట్టూర్చాల్సిన చోట నిట్టూర్చారు. నేను "కాదు" అనబోయాను. నర్సవ్వ ఆకు కత్తిరించే కత్తెర కింద పెట్టి, నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

కథయింది. చాటలోకి పిడికెళ్ళు పడ్డాయి. నర్సవ్వ కూడా వంగి, తన కథను తనకు లేకుండా చేసిన ఆ మనిషి చాటలో తన పిడికెడు వేసింది. అంత నిండు పిడికెడు ఇంకెవరూ వెయ్యలేదు.

నేను లేచి బాలమణిని పక్కకు పిలిచి, "ఇద్దరూ ఆడవాళ్ళే కదా కథలో?" అన్నాను. ఆమె దాచలేదు.

"అవు అక్కా, ఇద్దరు ఆడోళ్ళే. లచ్చవ్వను ఆమె అన్న తీస్కపొయ్యి లగ్నం జేసినంక ఎవ్వలు చెప్పనియ్యలే. ఆ కథ చెప్తె పోరిలు పాడైతరన్నరు. గిట్ల మార్చి చెప్తెనన్న బతికింది. లేకపోతె ఎప్పుడో ఖతం అయితుండె."

ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే కూడా రాలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

పదకొండున్నరకు నర్సవ్వ నన్ను బస్టాపు దాకా సాగనంపింది. దారిలో పోస్టరు తెరిచి చూపించాను. ఆమెకు తెలుగు చదవడం రాదు. మీ పేరే అని వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూసి, తనే మడిచి నా సంచిలో పెట్టింది.

"నేను రాను బిడ్డా."

"ఎందుకమ్మా? అక్కడ అందరూ మనలాంటివాళ్ళే."

"ఆడ ఒక దినం. మల్ల తెల్లారి ఈడనే కద కూసుండేది. తమ్ముని ఇంట్ల ఉంటున్న. ఊరంత మర్సింది. నేను స్టేజి ఎక్కితె మల్ల యాదికొస్తది."

లక్ష్మి ఇప్పుడెక్కడుందని అడిగాను. "పొయ్యింది. దినాలైనంక తెల్సింది నాకు. ఏడుద్దమంటె ఏమైతదని ఏడుస్త? చెల్లెనా, వదినెనా?" కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి ఏమీ లేదు.

ఫోనులో పాత రికార్డు పెట్టి చెవి దగ్గర ఉంచాను. కథ చివర, బీడీలు చాటలో పడే చప్పుడులో ఒక గొంతు "నావి గూడ తీస్కోయే" అని నవ్వుతుంది. ఇన్ని రోజులూ అదెవరో నేను పట్టించుకోలేదు. నర్సవ్వ "లచ్చి" అంది. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. తర్వాత ఫోను నా చేతికిచ్చి, "బస్, ఇగ చాలు. దీన్ని ఎవ్వలకు ఇనిపియ్యకు" అంది.

"మరి కథ?"

"కథ నువ్వు చెప్పు. నా పేరు వద్దు. ఇద్దరు ఆడోళ్ళని చెప్పు, చాలు. ఈడ నాతోని గాలే. నువ్వు సదువుకున్నదానివి, నీకేం భయం?"

చెప్తానని ఆమె చేతిలో చెయ్యి వేశాను. బస్సు కదిలేటప్పటికి ఆమె వెనక్కి తిరిగి పోతూ ఉంది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టాలి.

రెండున్నర బండికి తిరుగు ప్రయాణం. సుజాత ఫోను చేసింది. "వస్తోందా?" రావట్లేదన్నాను. పోస్టర్లు మళ్ళీ వేయించాలా అంది. మాట్లాడే ఓపిక లేక పెట్టేశాను. జనం కిక్కిరిసి ఉన్నారు. ఎదుట తాండూరు దిగే పెద్దావిడ, ఆమె కొడుకు, కోడలు. కలబురగి దాటాక పెద్దావిడ పలకరించింది. "ఏం పని మీద వచ్చినవమ్మా?"

"ఒక కథ కోసం వచ్చానమ్మా."

"కథనా? చెప్పరాదు మరి, పొద్దు పోతది."

కొడుకు ఫోను పక్కన పెట్టాడు. పై బెర్తులో మనిషి కూడా తల కిందికి వంచాడు. సంతోషమే వేసింది నాకు. నర్సవ్వకు ఇచ్చిన మాట ఇంత త్వరగా నెరవేరబోతోంది.

"అనగనగా ఒక ఊళ్ళో ఇద్దరుండేవారు. వాళ్ళకు మగ్గం వేసుకోవడానికి చోటు దొరకలేదు" అన్నాను.

"ఎవలు ఆ ఇద్దరు?" అంది పెద్దావిడ. అడగడంలో తప్పేమీ లేదు, వినేవాళ్ళు అడిగే మాటే. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. తాండూరు ఇంకా గంట పైన ఉంది.

"మొగుడూ పెళ్ళాం" అన్నాను.

కథ బాగా వచ్చింది. చద్దరు పట్టుకుని పైకి ఎక్కే చోట కోడలు కళ్ళు పెద్దవి చేసింది. అమావాస్య దగ్గర పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అయిపోగానే సంచి మూతి విప్పి, వేయించిన పల్లీలు పిడికెడు తీసి నా దోసిట్లో పోసింది. "మంచి కథ చెప్పినవు బిడ్డా, తిను."

తిన్నాను.