క్యాచ్‌మెంట్‌లో కట్టని ఇల్లు

2022లో నేను మెల్‌బోర్న్‌కు ఉత్తరాన ఉన్న ఒక చిన్న కౌన్సిల్‌లో, అంటే అక్కడి మునిసిపాలిటీలో, ప్లానర్‌గా పనిచేస్తున్నాను. ఎవరు ఇల్లు కట్టాలన్నా, షెడ్డు వెయ్యాలన్నా, పొలాన్ని విడగొట్టాలన్నా దరఖాస్తు మా దగ్గరికి వస్తుంది. స్థలం చూసి, అనుమతి ఇవ్వవచ్చో లేదో రిపోర్టు రాయడం నా పని. తుది మాట ఎన్నికైన కౌన్సిలర్లది.

మా పరిధిలో చాలా భాగం క్యాచ్‌మెంట్. అక్కడ కురిసిన వాన వాగుల్లో కలిసి, జనం తాగే నీళ్ళ రిజర్వాయర్‌కు చేరుతుంది. డ్రైనేజీ లైన్లు లేవు, ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకే. అందుకే ఆ నేలలో కొత్త కట్టడానికి పర్మిట్ దొరకడం చాలా కష్టం.

ఆ చలికాలంలో సుబ్రహ్మణ్యం గారి దరఖాస్తు నా టేబుల్ మీదికి వచ్చింది. ఆయన రిటైరైన మత్తు డాక్టరు. దగ్గర్లోని క్రెయిగీబర్న్ ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ అంకుల్. డిమెన్షియా వచ్చిన మనవాళ్ళు ఇంగ్లీషు మర్చిపోయి, ఇక్కడి వృద్ధుల నర్సింగ్ హోముల్లో మంచినీళ్ళు కావాలని కూడా చెప్పలేకపోవడం ఆయన కళ్ళారా చూశారు. అలాంటివాళ్ళు పాతికమంది తెలుగు వింటూ ఉండేలా ఒక ఇల్లు కట్టాలని, భార్య విమల గారూ ఆయనా కలిసి వాగు పక్కన పదెకరాలు కొన్నారు. ఆయనతో నాకు ఫంక్షన్లలో నమస్కారం పెట్టేంత పరిచయమే. ఆ సంగతి మా మేనేజర్‌కు ముందే చెప్పాను. ఫర్వాలేదు, నువ్వే చూడమన్నాడు.

స్థలం చూడటానికి వెళ్ళిన రోజు మట్టి పరీక్ష కోసం తవ్విన గుంటలో నీళ్ళు ఊరి ఉన్నాయి. అంతా బంకమట్టి.

"అమ్మాయ్, ఫ్రాంక్‌గా చెప్పు. ఛాన్స్ ఉందా?" అన్నారు అంకుల్.

"కష్టం అంకుల్. ఈ సాయిల్ నీళ్ళు పీల్చుకోదు. పాతికమంది వాడిన నీళ్ళు, ఎంత ట్రీట్ చేసినా, వానలు పడితే క్రీక్‌లోకే పోతాయి. రిజర్వాయర్ చూసే వాటర్ వాళ్ళు అస్సలు ఒప్పుకోరు."

ఆయన ఎగువనున్న గుర్రాల ఫారం వైపు చెయ్యి చూపించారు.

"మరి వాళ్ళ సెప్టిక్ ఓకేనా అమ్మా? ఫెన్స్ దగ్గరికి వెళ్తే స్మెల్ వస్తోంది."

"అది ఎప్పుడో కట్టింది అంకుల్. కొత్త రూల్ పాత ఇళ్ళకు అప్లై అవ్వదు."

చెప్పింది నిజమే, సగం నిజం. పాత ట్యాంకులు కారుతున్నాయేమో తనిఖీ చెయ్యవలసింది మా కౌన్సిలే. మనుషులు చాలరంటూ ఏళ్ళ తరబడి ఆ పని వాయిదా వేస్తూ వచ్చాం. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

అనుమతి ఇవ్వవద్దని రిపోర్టు రాశాను. కౌన్సిల్ మీటింగ్ రోజున హాలు నిండిపోయింది. అభ్యంతరం చెప్పేవాళ్ళలో మొదట లేచినవాడు ఆ గుర్రాల ఫారం యజమానే. కాసేపు వాగు గురించి మాట్లాడాడు. ఆ తర్వాత గొంతు మార్చాడు.

"ఈ మనుషులు ఎలా బతుకుతారో మనకు తెలియనిదా? వాళ్ళ దేశంలో నదుల్ని ఏం చేశారో టీవీలో చూస్తూనే ఉన్నాం. ఇక్కడా అదే చేస్తారు. నా మాట నమ్మకండి, మీ ప్లానర్‌నే అడగండి. ఆవిడా వాళ్ళ మనిషే, ఆవిడే వద్దంటోంది!"

కొందరు నవ్వారు. తర్వాత చప్పట్లు. నా వైపు చూస్తూ, నన్ను మెచ్చుకుంటూ కొట్టిన చప్పట్లు. రెండో వరసలో అంకుల్ తిన్నగా ముందుకు చూస్తున్నారు. పక్కన విమల ఆంటీ తల వంచుకుని హ్యాండ్‌బ్యాగ్ జిప్ తీస్తూ, వేస్తూ ఉన్నారు.

మీటింగు అధ్యక్షురాలు ఆ ఫారం యజమానిని ఆపలేదు. "ప్లానర్ ఏమైనా చెప్పదలుచుకున్నారా?" అని నన్ను అడిగింది.

మైకు నా ముందే ఉంది. అడ్డు మట్టేగాని మనుషులు కారని చెప్పవచ్చు. ఇదే స్థలంలో ఎవరు అడిగినా ఇదే రాసేదాన్నని చెప్పవచ్చు. ఉద్యోగి హద్దు దాటిందంటారనీ, తనవాళ్ళని వెనకేసుకొచ్చిందంటారనీ భయం వేసింది.

"రిపోర్టులో అంతా ఉంది. కొత్తగా చేర్చేదేమీ లేదు" అన్నాను.

దరఖాస్తు తిరస్కరించారు. కార్ల దగ్గర ఎదురుపడితే తప్పించుకుపోదామనుకున్నాను. ఆంటీయే పలకరించారు. "బాగా చలిగా ఉందమ్మా, రోడ్డు మీద కంగారూలు అడ్డమొస్తాయి, స్లోగా డ్రైవ్ చెయ్యి" అన్నారు. తిట్టినా అంత సిగ్గు వేసేది కాదు. ఇంటికి వెళ్ళాక మా ఆయన, "నువ్వు రాసింది కరెక్టే కదా, ఎందుకంత ఫీలవుతున్నావ్?" అన్నాడు. కరెక్టు కావడమే నన్ను ఇంకా తినేసింది. దాని చాటున దాక్కున్నాను.

ఆ తర్వాత మా మేనేజర్ వెంటపడి పాత ట్యాంకుల తనిఖీ మొదలుపెట్టించాను. ఫారం ట్యాంకు పొంగి వాగులోకి పారుతోందని తేలింది, మార్పించాం. దానికి మీటింగూ లేదు, చప్పట్లూ లేవు. అంకుల్ ఆ భూమి అమ్మేసి, క్రెయిగీబర్న్‌లో డ్రైనేజీ ఉన్న వీధిలో ఇల్లు తీసుకుని, అనుకున్నదానికంటే చాలా తక్కువమందితో తన పని మొదలుపెట్టారు.

ఎన్నో నెలలు వెనకాడి, చివరికి ఒక ఆదివారం అక్కడికి వెళ్ళాను. హాల్లో ఒక పెద్దావిడ పక్కనున్న ఆవిడను ఇంకెవరి పేరుతోనో పిలుస్తూ, చిన్నప్పటి బడి కబుర్లు తెలుగులో చెబుతోంది. అంకుల్ టీ తెచ్చిచ్చారు.

"సారీ అంకుల్. రిపోర్టుకి కాదు. ఆ రోజు అతను అలా మాట్లాడుతుంటే నోరు తెరవనందుకు."

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. "రిపోర్ట్ ఈజ్ ఫైన్ అమ్మా, ఆ నీళ్ళు నేనూ తాగుతాను. కానీ ఈ మాట నాకు ఇక్కడ చెప్తే ఏం లాభం? అక్కడ చెప్పాల్సింది."

క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు.

ఆ రిపోర్టు ఇవాళ రాయమన్నా అలాగే రాస్తాను. కాని సరైన నిర్ణయం రాసి ఇచ్చేస్తే నా పని అయిపోదని, దాన్ని ఎవరు ఎందుకు వాడుకుంటున్నారో కూడా చూసుకోవాలని ఆ కేసే నేర్పింది. ఇప్పుడు మీటింగులో ఎవరైనా నేల సంగతి వదిలి మనుషుల మీదికి వెళితే చెయ్యెత్తుతాను. "మా అభ్యంతరం స్థలానికి సంబంధించింది, దరఖాస్తుదారులకు కాదు" అంటాను. చెప్పి కూర్చున్నాక ప్రతిసారీ అనిపిస్తుంది, ఇంత చిన్న మాటకా ఆ రోజు నాకు నోరు రాలేదని.