సొర నూనె రాసిన కారు

నిన్న పొద్దున్న శ్రీకాకుళం నుంచి ఒక పెళ్లికూతురు ఫొటోలు తీయించుకోడానికి మా ఊరి ఒడ్డుకి వచ్చింది. మా తెల్ల అంబాసిడర్ బానెట్ మీద చెయ్యేసి, ఫొటోగ్రాఫరు చెప్పినట్టల్లా నవ్వింది. ఎండ ఎక్కాక కారులో కూర్చోమన్నారు. కూర్చుంది. కాసేపటికి ముక్కు ముడిచి నా వైపు తిరిగి, "అక్కా, ఏటో వాసనొస్తంది. లోపల సేపలేటైనా ఉన్నాయేటి?" అంది. లేవమ్మా, సీట్లు కొత్తవి కదా, ఆ రెగ్జిను వాసన అన్నాను. అబద్ధమే. నిజం చెప్పాలంటే చాలాసేపు పడుతుంది, ఈలోగా ఆ పిల్ల పౌడరు కారిపోతుంది. మీకైతే తొందరేమీ లేదు కాబట్టి కూర్చోబెట్టి చెబుతాను.

ఆ కారు మా మావది. నాకు ఆయన రెండు విధాలా మావ. మా అమ్మకి అన్న, తర్వాత నా మొగుడికి తండ్రి. కోటబొమ్మాళి నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో మాది చివరి ఊరు. అక్కడ వేట చేసుకునే మనిషి, ఎవరో డాక్టరుగారు అమ్మేస్తుంటే అంబాసిడర్ కొనేసరికి, ఇంక టాక్సీ నడుపుతాడని అందరూ అనుకున్నారట. మావ వెనక సీటు పీకేసి చేపల తట్టలు ఎక్కించాడు. మా అమ్మని చీపురుపల్లి ఇచ్చారు, అక్కడ బజార్లో చేపలమ్మేది. సరుకు ఎక్కువ పడ్డప్పుడు మావ ఆ కారులోనే చెల్లెలికి తట్టలు తెచ్చి దింపేవాడు. హారన్ వినబడితే బజార్లో పిల్లులన్నీ మాకంటే ముందు పరిగెత్తేవి. తిరిగి వెళ్లేటప్పుడు కారు ఖాళీ కదా, పిల్లల్ని వెనక గోనెసంచుల మీద కూర్చోబెట్టి స్టేషను దాకా తిప్పేవాడు. ఐసు కరిగిన ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి కారడంతో వెనకాల అడుగు రేకుకి ఒకచోట చిల్లు పడింది. నా కాళ్ల మధ్య నుంచి రోడ్డు పరిగెత్తడం కనిపించేది. కార్లన్నిటికీ కిందకి చూసుకోడానికి అలా కిటికీ పెడతారేమో అనుకున్నాను. తర్వాత ఎవరి పెళ్లికో వేరే కారెక్కినప్పుడు, కాళ్ల దగ్గర మూసేసి ఉందని నాకు ఊపిరాడలేదు.

ఇంక సొర నూనె సంగతి. మా చిన్నప్పుడు, సెలవులకి మావ ఊరొచ్చినప్పుడు, ఇక్కడ చెక్క నావలుండేవి. వేట నిషేధం నెలల్లో వాటిని ఒడ్డుకి లాగి, బోర్లించి, ఎండబెట్టి, అడుగంతా సొర నూనె పట్టించేవారు. సొరచేప కార్జాలు కుండలో వేసి ఎండలో పెడితే దిగే నూనె అది. దాని వాసన ఎలా ఉంటుందో చెప్పలేను. ఒకసారి చేతికి అంటితే ఆ వారం చెయ్యి మనది కాదు, అంతే. తర్వాత ఫైబరు బోట్లు వచ్చాయి. వాటికి నూనె అక్కర్లేదు. కానీ మావ చేతులకి అలవాటు పోలేదు, ఇంట్లో డ్రమ్ములో నూనె కూడా మిగిలిపోయింది. ప్రతి ఏడూ ఆ నెలలు రాగానే, గుడ్డపేలిక తీసుకుని కారు కింద దూరి, వెల్లకిలా పడుకుని రాసేవాడు. మా అత్త గుమ్మంలో కూర్చుని వలలు అల్లుతూ, వీధిలో పోయేవాళ్లకి చూపించేది.

"సూడండమ్మా, మీ అన్న కారుకి తలంటుతన్నాడు. ఏనాడైనా నా నెత్తికి సుక్క నూనె రాసినాడేటి?"

"నీకు రాస్తే కారు ఊరుకుంటాదేటే?" అనేవాడు మావ కింద నుంచి. కాళ్లు రెండే బయటికి కనిపించేవి. ఆ కాళ్లు మాట్లాడుతున్నట్టే ఉండేది.

నేను కోడలిగా వచ్చేసరికి కారు తిరగడం మానేసింది. తాటాకుల పాక కింద, సముద్రపు గాలికి ఎదురుగా నిలబడి ఉండేది. పైకప్పు ఎర్రగా పొక్కిపోయింది, తలుపులు రాలిపోతున్నాయి. బానెట్ మీద నేను చేపలు ఎండేసేదాన్ని. నిజానికి దానికంటే మంచి బల్ల మా ఇంట్లో లేదు. మావ మాత్రం తన నూనె తను రాసుకుంటూనే ఉన్నాడు.

అలా ఉండగా రెండేళ్ల కిందట బావ విజయనగరంలో ఎవరి పెళ్లికో వెళ్లొచ్చాడు. బావంటే నా మొగుడే. అక్కడ పెళ్లికొడుకుని ఊరేగించిన పాత కారుని చూశాడట. బాగుచేయించిన అంబాసిడరట, ఒక్క పూటకి అద్దె ఎంతో చెప్పి నా కళ్లలోకి చూశాడు. అంత డబ్బు వస్తుందని నాకూ తెలియదు. ఆ మర్నాడే చేపలు తీసేయించి కారుకి ఫొటోలు తీశాడు. హైవే పక్కన పాత కార్లని కొత్తగా చేసే షెడ్డు ఒకటుందని తెలుసుకుని వాళ్లకి పంపాడు. షెడ్డాయన ఫోన్‌లో చెప్పిన రేటు విని నేను గరిటె కింద పెట్టేశాను. ఐదున్నర లక్షలు. టింకరింగు, పెయింటింగు, ఇంజను, సీట్లు అన్నీ కలిపి. కారు అడుగు రేకు కూడా పోయి ఉంటుందని లెక్క వేసుకుని చెప్పాడట.

మా దగ్గర అంత డబ్బు లేదు. నేను కట్టుకుంటూ వస్తున్న చీటీ ఉంది, పాడుకుంటే రెండు లక్షలు. బావ దగ్గర కొత్త వల కోసం దాచింది కొంత ఉంది. మిగతాదానికి బోటులో తన సగం వాటా అమ్మేస్తానన్నాడు బావ. మిగతా సగం బావ చిన్నాన్నది, ఆయన కొనడానికి సిద్ధంగానే ఉన్నాడు. వాటా అంటే మీకు మామూలు మాటలా అనిపిస్తుందేమో. వాటా ఉన్నవాడు బోటెక్కితే బోటు యజమాని, వాటా లేనివాడు అదే బోటు ఎక్కితే కూలీ. అదే సముద్రం, అదే వల, అదే మనిషి. ఒడ్డుకి వచ్చాక చేపల కుప్ప దగ్గర ఎక్కడ నిలబడాలన్నది మారిపోతుంది. మా నాన్న చీపురుపల్లి నుంచి పరాయి బోట్ల మీద పనికి ఒడ్డుకి వచ్చేవాడు, జీవితమంతా ఆ రెండో చోటే నిలబడ్డాడు. అందుకే ఆ మాట వినగానే ఊరుకోలేకపోయాను.

"వాటా అమ్మీసి బొమ్మకారు కొనుక్కుంటావేటి?" అన్నాను.

"బొమ్మకారు కాదే. పెళ్లిళ్ల సీజన్లో దాని మీద ఎంతొస్తాదో నువ్వే సూస్తావు."

"సీజన్ అయిపోనాక ఏటి సేస్తావు? కారుకి వల కట్టి సముద్రంలోకి తోల్తావేటి?"

బావ నవ్వలేదు. "నువ్వు ఓపాలి తాడు లాగి సూడు, అప్పుడు మాటాడు" అని చేతులు ముందుకి చాపాడు. అరచేతులు పగిలి, వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. రోజూ అన్నం పెట్టే చేతులే, నేనెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. ఇంక వద్దని అనలేకపోయాను. సరే అని కూడా అనలేకపోయాను. చివరికి ఒక మాట అనుకున్నాం. షెడ్డులో కారు చూపిద్దాం. చీటీ డబ్బు, వల డబ్బుతో అయిపోతే సరే. అంతకు దాటితే వాటా అమ్మడమే. "దాటితే మానేద్దాం" అని నేనెంత చెప్పినా బావ ఒప్పుకోలేదు. మావ గుమ్మంలో బీడీ కాల్చుకుంటూ అన్నీ విన్నాడు.

కారుని ఖాళీ లారీ మీద ఎక్కించాం. బావ వెనకాల కారు పక్కన నిలబడ్డాడు, నేనూ మావా డ్రైవరు పక్కన కూర్చున్నాం. ఎచ్చెర్ల దగ్గర టీకి ఆగితే కాలేజీ పిల్లలు సెల్‌ఫోన్లు తీసి కారుకి ఫొటోలు తీసుకున్నారు. టీ కొట్టాయన మాత్రం, "పాత ఇనుప సామాన్లోడికి ఇచ్చేత్తన్నారేటి, కేజీ ఎంతంటన్నాడు?" అని అడిగాడు. మావ టీ తాగడం ఆపి, "ఇంకా తూకం ఎయ్యలేదు" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

షెడ్డాయన మంచి మనిషి. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, ముక్కుకి జేబురుమాలు కట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తున్నాడు. డిక్కీలో పొడిస్తే ఇడ్లీలో పుల్ల దిగినట్టు దిగిపోయింది. తలుపు కింద పొడిస్తే అప్పడంలా విరిగి రాలింది. ఒక్కో చోట పొడిచినప్పుడల్లా బోటు మాకు ఒక్కో బార దూరం జరిగినట్టు అనిపించింది. "పైన ఎంత పోయినా రేకు కొట్టి అతికేస్తామండి" అన్నాడు ఆయన. "అడుగు పోతే మాత్రం అంతా కోసి కొత్తది కట్టాలి. అప్పుడు ఫోన్‌లో చెప్పిన రేటే, ఇంక తగ్గదు."

కారుని పైకి లేపి కింద లైటు వేశాడు. నల్లగా, జిగటగా, వేలెడు మందాన పేరుకుపోయి ఉంది. రేకు ఎక్కడుందో కనిపించలేదు. ఆయన తిట్టుకుంటూ ఒక ఇనుప పట్టీతో గీకడం మొదలుపెట్టాడు. ముద్దలు ముద్దలుగా ఊడి పడింది. ఆ వాసనకి పక్క కారు కింద పడుకున్న పనివాడు లేచి బయటికి వెళ్లిపోయాడు. గీకిన చోట స్క్రూడ్రైవరు పెట్టి గట్టిగా పొడిచాడు. ఠంగుమంది. ఇంకోచోట గీకి పొడిచాడు. ఠంగుమంది. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు, కారు కింద ఆయన పక్కనే నిలబడి, ఇక్కడ కూడా పొడవండి బాబూ, అక్కడ కూడా పొడవండి అని వేలు చూపిస్తున్నాను. నా చిన్నప్పటి ఆ కిటికీ చిల్లు ఒక్కటి తప్ప, ఇటు చివర నుంచి అటు చివర దాకా ఎక్కడా దిగలేదు. నెత్తి మీద గుడిగంట కొట్టినా నేనంత సంతోషంగా వినను.

"ఏటి పూసినారండీ దీనికి?" అన్నాడు షెడ్డాయన.

"సొర నూనె" అన్నాడు మావ.

"తుప్పు పట్టదని ఎవరైనా సెప్పినారా?"

"ఎవులు సెప్తారు బాబూ. నావలు పోనాయి, నూనె మిగిలిపోనాది. పారబోస్తే ఇంటిది తిడతాది."

షెడ్డాయన చేతికంటిన జిగట గుడ్డతో తుడుచుకున్నాడు. తర్వాత లెక్క చెప్పాడు. ఆ ఒక్క చిల్లుకి రేకు అతికితే చాలు, అడుగు మార్చక్కర్లేదు కాబట్టి రెండు లక్షల ఎనభై వేలకి అయిపోతుంది. "దీన్ని కడగడానికి మాత్రం వేరేగా తీసుకుంటానండి, ఈ పని మా వోళ్లు ఊరికే సెయ్యరు" అన్నాడు. ఆ కడుగుడు డబ్బులు నేనే ఇస్తానన్నాను. ఆ క్షణంలో షెడ్డంతా కడగమన్నా కడిగేదాన్ని. చీటీ డబ్బు, వల డబ్బు కలిపితే సరిపోతుంది. వాటా జోలికి పోనక్కర్లేదు.

బావ గోడవారన పేర్చిన టైర్ల మీద కూలబడి, తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. దగ్గరికి వెళ్తే లోపల నుంచే అన్నాడు, "నాకూ అమ్మాలని లేదే."

"మరా ముక్క అప్పుడే అనొచ్చు కదా?"

"నువ్వు ఒద్దంటన్నావు కదా. నాను కూడా ఒద్దంటే ఇంక కారు మాట ఎవులు మాటాడతారు?"

ఇలాంటి మనిషితో ఏం దెబ్బలాడతాం. అక్కడి నుంచే చిన్నాన్నకి ఫోన్ చేసి వాటా అమ్మడం లేదని చెప్పాడు. అవతల నుంచి ఆయన గొంతు నాకూ వినబడింది. "పోన్లేరా. నువ్వు లేకపోతే బోటులో ఎవుడ్ని తిట్టాలో తెలీక బెంగెట్టుకున్నాను." మావ ఈలోగా షెడ్డాయన్ని పక్కకి పిలిచి, బాగయ్యాక మళ్లీ నూనె రాయొచ్చా అని అడుగుతున్నాడు. ఆయన రెండు చేతులూ జోడించాడు.

కారు తయారై రావడానికి చాలా నెలలు పట్టింది, చెప్పిన దానికంటే కొంచెం ఎక్కువే అయింది. ఎంత కడిగినా ఎండెక్కితే ఆ నూనె వాసన మాత్రం ఇంకా వస్తూనే ఉంది. బావ చెప్పినంత బంగారమేమీ కురవలేదు. పెళ్లిళ్ల నెలల్లో నాలుగు రాళ్లు వస్తాయి, బావ తాడు లాగడానికి ఇంకో మనిషిని పెట్టుకున్నాడు, చేతులు కాస్త మానాయి. మూఢం వస్తే కారు ఖాళీగా ఉంటుంది, బావ సముద్రం మీద ఉంటాడు. తెల్లారి బోటు ఒడ్డుకి వచ్చినప్పుడు నేను తట్ట పట్టుకుని వెళ్తాను. బావ, చిన్నాన్న చేపల కుప్పకి చెరోవైపు నిలబడి దేనికో ఒకదానికి అరుచుకుంటూ ఉంటారు. నేను కాసేపు వింటాను, ఆపను. వాటా పోతుందేమోనని భయపడిన ఆ కొద్ది రోజులూ ఇప్పటికీ నాకు రోజు రోజుగా విడివిడిగా గుర్తున్నాయి, భయం పోయాక గడిచిన ఈ రెండేళ్లు మాత్రం ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్లాయో అడిగితే చెప్పలేను.