చింతగింజల చదరం

మియాపూర్‌లోని మా ఫ్లాట్‌లో చింతపండు ప్యాకెట్ కత్తిరించినప్పుడల్లా ఆ పుల్లటి వాసన నన్ను తీసుకెళ్లి పుప్పాలగూడలో మా నాయనమ్మ వాకిట్లో కూర్చోబెడుతుంది. ఎండాకాలం మొదట్లో ఇంటి ఆడవాళ్లంతా గోనెపట్టా మీద కొత్త చింతపండు పోసుకుని, ఊరందరి ముచ్చట్లూ చెప్పుకుంటూ గింజలు తీస్తుంటే, వేళ్లకంటిన పులుపు నాకుతూ పిల్లలం ఆ నున్నటి గింజల కోసం కొట్టుకునేవాళ్లం.

ఒకరోజు ఆటలో ఓడి, అలిగి, పక్కకెళ్లి ఒక గింజ పెట్టాను. దాని పక్కనా, కిందా, మూలనా మూడు పెడితే చదరమైంది. దాన్ని ఆనుకుని ఐదు పెడితే ఇంకాస్త పెద్ద చదరం, ఏడు పెట్టినా అంతే. మా పెద్దనాన్న కూతురు లక్ష్మక్క పెదవి విరిచింది.

"ఎప్పుడో ఒకసారి తప్పుతది, సూడు."

తప్పదని నాకు తెలిసిపోయింది. పక్కనొక వరుస, కిందొక వరుస, రెండూ సమానం, మూల ఖాళీకి ఒక గింజ. ఎంత పెద్ద చదరానికైనా అంతే. గింజలు అయిపోయినా చదరం నా కళ్లలో పెరుగుతూనే ఉంది, వాకిలి దాటి, ఊరి పక్కనున్న గుట్ట దాటి. అన్నానికి పిలిచినా లేవలేదు.

బళ్లో ఒకటి, మూడు, ఐదు అంటూ వరుస బేసి సంఖ్యల మొత్తం అడిగితే అదే బొమ్మ గీసి, కారణం రాశాను. లెక్కల సారు సున్నా చుట్టి క్లాసంతటికీ చూపించాడు. "గింజలాట ఇంట్ల ఆడుకో. ఫార్ములా ఏది?" ఎందుకో చెప్పిన పిల్లకు సున్నా, బట్టీ కొట్టినవాళ్లకు పూర్తి మార్కులు! తర్వాత నేనూ బట్టీయే పట్టాను, ఐటీ ఉద్యోగమూ వచ్చింది. ఆ మనిషి మీద కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

ఇప్పుడు ఆ వాకిలి ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ అయింది. గుట్టను పేల్చి కంకర చేశారు. దానికన్నా ఎక్కువ ఒళ్లు మండింది నిన్న. బాచుపల్లిలో కార్పొరేట్ స్కూల్లో చదివే నా కూతురు, బేసి సంఖ్యల మొత్తం అడగ్గానే టక్కున చెప్పింది. ఎందుకలా వస్తుందని అడిగాను.

"ఎందుకనేది ఎగ్జామ్‌ల రాదు మమ్మీ. టైమ్ వేస్ట్ అన్నరు సార్."

మళ్లీ ఆ సారే నా ఇంట్లోకొచ్చి కూర్చున్నట్టనిపించింది. ప్యాకెట్ చింతపండంతా పళ్లెంలో కుమ్మరించి, విడదీసి వెతికాను. అంతా గింజ తీసిన సరుకే, ఒక్కటీ దొరకలేదు. కసి కొద్దీ శనగల డబ్బా తెచ్చి నేల మీద బోర్లించి, బేసి లెక్కన చదరంగా పెట్టమన్నాను. మూతి ముడుచుకునే ఒకటి పెట్టింది, మూడు పెట్టింది, ఐదు, ఏడు. తొమ్మిది దగ్గర చెయ్యి ఆగింది.

"ఇది ఎప్పుడన్న తప్పుతదా మమ్మీ?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, మిగిలిన శనగలన్నీ తన ముందుకు తోశాను.