తాతయ్యకు కనబడని నీలం

పోయిన నెల కాకినాడలో ఒక నగల దుకాణానికి వెళ్తే, అక్కడి అమ్మాయి సన్నటి గొలుసుకి వేలాడుతున్న లేత నీలం రాయిని చూపించి, "కాల్సెడొనీ అండి, ఇప్పుడిదే ఫ్యాషన్" అంది. ఆ పేరు నాకు పదేళ్ళ వయసులోనే తెలుసు. రాజమండ్రిలో మా తాతయ్య చెప్పారు.

తాతయ్య రిటైరైన డ్రాయింగు మాస్టారు. తొంభైలలో మా వీధిలో ఎవరు ఇల్లు కట్టినా, గోదావరి ఇసుక గుట్ట పడగానే ఆయన అక్కడ ప్రత్యక్షమయ్యేవారు. ఇసుక జల్లించే ఆడవాళ్ళు జల్లెడలో మిగిలిన గులకరాళ్ళని ఆయన కోసం విడిగా పోసి ఉంచేవారు. వాటిని నీళ్ళ గిన్నెలో వేస్తే రంగులు తేలేవి. దానిమ్మ గింజలా ఎర్రగా ఉంటే కార్నీలియన్, ఉల్లిపాయ కోసినట్టు చారలుంటే అగేట్, లోపల నాచు చిక్కుకున్నట్టుండేది ఇంకొకటి. "అన్నీ కాల్సెడొనీలేనే. ఒక్క తల్లి పిల్లలు, రంగులే వేరు" అనేవారు. అవి ఎక్కడ పప్పులో పడతాయోనని నానమ్మ భయం నానమ్మది.

ఒక వేసవి సెలవుల్లో నేను రాళ్ళని రంగుల వారీగా కుప్పలు పెడుతుంటే ఆయన విసుక్కున్నారు. "తెల్లవాటిని రెండు కుప్పలు చేశావేంటే?"

"ఇవి తెల్లవి కావు తాతయ్యా, నీలం."

రెండు కుప్పల్లోంచీ చెరో రాయి తీసి, కిటికీ దగ్గర కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి చూశారు. నానమ్మని పిలిచి అడిగారు. "ఇది లేత నీలమేనండి" అంది ఆవిడ.

శుక్లాలు ముదిరాయని డాక్టరు ఏడాదిగా చెబుతూనే ఉన్నారు. స్నేహితుడొకాయనకి ఆపరేషన్‌లో కన్ను పోయిందన్న భయంతో తాతయ్యే వాయిదా వేస్తూ వచ్చారు. ముప్పై ఏళ్ళు పిల్లలకి రంగులు కలపడం నేర్పిన మనిషి ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. సాయంత్రం నాన్నతో, "రేపు ఆసుపత్రికి వెళ్దాంరా" అన్నారు.

కట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చిన రోజు, నీలం రాళ్ళని నీళ్ళలో వేసి గిన్నె ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "ఇంత నీలమా" అన్నారు మెల్లగా. అంతలో కాఫీ తెచ్చిన నానమ్మని చూశారు.

"ఈ చీర ఎప్పుడు కొన్నావు?"

"మీరు తెచ్చిందేనండి. నాలుగేళ్ళయింది."

"అది బూడిద రంగు కదే?"

నానమ్మ గ్లాసు కింద పెట్టి, "నీలమంటే నాకిష్టమని గుర్తుపెట్టుకుని తెచ్చారనుకున్నానండి ఇన్నాళ్ళూ" అంది. ఇద్దరూ నవ్వారు. ఆయన కళ్ళు మాత్రం తడిశాయి. కొత్త కన్నుకి తడి తగలకూడదని నానమ్మ గాభరా పడింది.

ఆ తర్వాత ఆయన ఎనిమిదేళ్ళు బతికారు. నానమ్మ చీరలన్నీ తనే ఎంచారు, కొట్టువాడు విసుక్కున్నా సరే, వీధిలోకి తెచ్చి ఎండలో చూసి మరీ. ఇప్పుడు నా కళ్ళకీ అద్దాలొచ్చాయి. కాలం మన చూపు మీద పొర ఎంత మెల్లగా పరుస్తుందంటే, పక్కనున్న పసిదెవరో చెప్పేదాకా లోకమే వెలిసిపోయిందనుకుంటాం.