తడిక మూసిన దొడ్డమ్మగారు

మా వీధి చివరి దొడ్డమ్మగారు ప్రభువునందు నిద్రించారని మొన్న ఆదివారం ఆరాధన చివర పాస్టరుగారు చెప్పారు. గుండెనొప్పితో నిద్రలోనే పోయారట. వెనక బల్లల్లో ఎవరో, "ఆ పందుల జ్వరమేనేమో" అని గుసగుసలాడుకున్నారు. ఆ జ్వరం మనుషులకు రాదు. బతికుండగా ఆవిడే ఆ మాట మాకు ఎన్నోసార్లు చెప్పారు.

నాకు ఆవిడ రక్తబంధువు కాదు. భర్త పోయాక పందుల్ని పెంచి పిల్లల్ని చదివించుకున్న మనిషి. ఆదివారం రెండుసార్లు సబ్బుతో స్నానం చేసి వచ్చి కూడా ఆఖరి బల్ల మీదే కూర్చునేవారు. ముందుకు రమ్మంటే, "ప్రభువుకి నా వాసన తెలుసులే అమ్మా, మీకెందుకు ఇబ్బంది" అని నవ్వేవారు.

కిందటేడాది సముద్రం వైపు ఊళ్ళలో పందులు చచ్చిపోతున్నాయని విన్నాం. మేత మానేసి, చెవులు ఎర్రబడి, లేవలేక పడిపోయేవట. మందు లేదన్నారు. తర్వాత కాలవ అవతలి ఊరు. ఒక్కో దొడ్డీ నిశ్శబ్దమవుతూ అది మా వైపే వస్తోంది.

మాలో ఎవరింట పశువు పోయినా మనిషి పోయినట్టే పరామర్శకు వెళ్తాం. దొడ్డిలోకి వెళ్ళి చూసి, అయ్యో అనుకుని, అదే కాళ్ళతో ఇంకో ఇంటికి వెళ్తాం. కొందరు జ్వరం తగిలినదాన్ని చావకముందే కోసి వాటాలు పంచేవారు. మన చెప్పులకంటుకునీ, ఆ మాంసంతోనూ, కాచని కుడితితోనూ జ్వరం ఊళ్ళు తిరుగుతోందని పశువుల డాక్టరుగారు వచ్చి చెప్పారు. విన్నవాళ్ళం చాలామందిమి. పాటించింది దొడ్డమ్మగారే.

అప్పుడే ఆవిడ తల్లి పంది ఈనింది. ఆవిడ హోటళ్ళ కుడితి మానేసి తవుడు ఉడికించి పెట్టారు. వాకిట్లో తడిక కట్టేశారు. శుక్రవారం ప్రార్థనకు మేం ఆడవాళ్ళం వెళ్తే రోడ్డు మీదే ఆపేశారు.

"ప్రార్థనకి కూడా తడికేనా అండీ దొడ్డమ్మగారూ?" అన్నాను.

"ప్రార్థన తడిక దాటొస్తుందమ్మా. చెప్పులు దాటకూడదు."

రోడ్డు మీద నిలబడే పాట పాడాం.

ఆ వారమే పక్కూరి నుంచి ఆవిడ చెల్లెలు వచ్చింది. తన పందులన్నీ పోయాయి, అక్క దగ్గర ఏడవాలని వచ్చింది.

"నేనేమన్నా పందినా అక్కా, నాకు తడిక కట్టేవు?"

"పందివైతే తోలేద్దునే. చెల్లెలివి కాబట్టి బతిమాలుతున్నాను. అక్కడే కూచో."

"నీ పందులు చల్లగుండాలి తల్లీ! తోడబుట్టింది ఏమైపోతే నీకెందుకు?"

"ఔనే, చల్లగుండాలనే."

తడికకి చెరో పక్కన కూర్చుని ఇద్దరూ ఏడ్చారు. చెల్లెలు మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయింది.

అంత చేసినా, వెనక వీధి దొడ్డిలో పందులు చచ్చిపోయాయి. చుట్టుపక్కల ఉన్నవాటన్నిటినీ, బాగున్నవాటిని కూడా, చంపి పూడ్చాలని పశువుల ఆసుపత్రి వాళ్ళు వచ్చారు.

"నావి బాగున్నాయి కదండీ?"

"బాగున్నాయమ్మా. జ్వరం పైకి కనపడేసరికే ఇంకో ఊరు దాటేస్తుంది."

ఆవిడ దొడ్డిలోకి వెళ్ళారు. తల్లి పందికి తవుడు పెట్టి, అది తిన్నంతసేపూ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తర్వాత తడిక తనే విప్పారు. పెద్ద గొయ్యి, దాని మీద సున్నం. వారం పాటు మా వీధిలో కాకులు తప్ప ఏ అరుపూ లేదు.

"నా తడిక నావాటిని కాపాడలేదు. ఇంకెవరివన్నా కాపాడిందేమో, దేవుడికి తెలుసు" అన్నారు ఒకసారి.

అనుమతి వచ్చేదాకా కొత్త పందుల్ని తేవద్దని ఆసుపత్రి వాళ్ళు చెప్పి వెళ్ళారు. అనుమతి రాలేదు. కొందరికి ఓపిక పోయింది. ఎవరు పందిపిల్లల్ని తెచ్చినా దొడ్డమ్మగారు వీధి మొగలో అడ్డంగా నిలబడి వెనక్కి పంపేసేవారు. "తనవి పోయేయని మనల్నీ బతకనివ్వదు ముసల్ది" అని వినపడేట్టే అనేవారు. ఆవిడ కోప్పడేవారు కాదు.

"మనం మర్చిపోయినంత తొందరగా మట్టి మర్చిపోదు నాయనా" అనేవారు.

సోమవారం ఆవిడను సమాధుల తోటకు మోసుకెళ్ళాం. చెల్లెలు పెట్టె మీద చెయ్యి వేసి నడుస్తోంది. ఎదురుగా వచ్చిన ఒక ఆటో మర్యాదగా పక్కకి ఆగింది. డ్రైవరు దిగి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి, చేతులు కట్టుకుని తల వంచాడు. వెనక గోనెపట్టా కదిలింది. దాని కిందనుంచి ఒక చిన్న మూతి బయటికొచ్చి గాలి వాసన చూసింది. మాలో కొందరం చూశాం. పాట ఆపలేదు.

పెట్టె దాటిపోయాక ఆటో మెల్లగా మా వీధిలోకి తిరిగింది.