తోడల్లుడి టర్బో నంబరు

హోసూరులో లారీలున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పక్కవాడి ఇంజనుకు సరిపోయే టర్బోను సొంత డబ్బుతో కొని, సొంత లారీకి బిగించుకున్న ఘనత మాత్రం నాకొక్కడికే దక్కింది. అదీ ఊరికే కొనలేదు. గంటన్నర బేరమాడి, పాతదాన్ని అంగడివాడికే అంటగట్టి మరీ కొన్నాను.

ఆ పక్కవాడు నా తోడల్లుడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఏడాది తేడాతో ఇద్దరమూ ఒకే కంపెనీ లారీలు తీసుకున్నాం. రంగు ఒకటే, ముఖం ఒకటే. కృష్ణగిరి మండీలో మామిడి ఎత్తుకుని బెంగళూరుకు బయల్దేరితే మేలుమలై మిట్ట దగ్గర తేడా తెలిసేది. అతని బండి సన్నగా ఈల వేస్తూ ఎక్కిపోయేది. నాది దగ్గుతూ, వెనకవాళ్ళ చేత తిట్లు తింటూ పాకేది. అత్తగారు అతనికి రెండోసారి వడ్డించినా అది ఆ ఈలకే అనిపించేది నాకు.

ఒక ఏడు మండీ యజమాని ఒక మాటన్నాడు. పొద్దున ఎత్తిన కాయను మధ్యాహ్నంలోగా దించే బండి ఏదో, సీజను బాడుగలన్నీ దానికేనన్నాడు. సరిగ్గా అప్పుడే, ఇంజనులోకి గాలి దట్టించి బలమిచ్చే నా టర్బో ఆయిలు కక్కడం మొదలుపెట్టింది.

లారీలు బాగుచేసే మా మేస్త్రి తొందరపడని మనిషి. పాత టర్బో మీది రేకు చూసి నంబరు రాసుకోమన్నాడు, ఇంజను నంబరు కూడా అంగట్లో చూపించమన్నాడు. పైకి ఒకేలా ఉన్నవి లోపల ఒకటి కావన్నాడు. నేను తలూపాను. నాకు నా నంబరు వద్దు, మిట్ట ఎక్కే నంబరు కావాలి.

ఉద్దనపల్లిలో మామగారింటికి ఇద్దరమూ భోజనానికి పోయిన రోజు, చెయ్యి కడుక్కునే నెపంతో బయటికొచ్చి అతని లారీ కిందికి దూరాను. టర్బో రేకు మీది మసి తుడిచి, నంబరును అగ్గిపెట్టె మీద రాసుకున్నాను. చొక్కాకు గ్రీజేమిటని అత్తగారు అడిగితే సైకిలు చైనన్నాను. ఆ ఇంట్లో సైకిలే లేదు.

కృష్ణగిరిలో అంగడివాడు ఇంజను నంబరు అడిగాడు. ధర పెంచడానికే అడుగుతున్నాడనుకున్నాను. అవసరం బయటపెడితే బేరం పోతుందని మా అంగళ్ళ వీధిలో ఉగ్గుపాలతోనే పట్టిస్తారు. బిగించేటప్పుడు మేస్త్రి, నంబరు సరిచూసుకున్నావా అన్నాడు. చూసుకున్నానన్నాను. అబద్ధం కాదు.

మొదటి లోడుకే మిట్ట మధ్యలో నల్లటి పొగ కమ్మింది. బండి వేగం మనిషి నడక కన్నా కిందికి దిగింది. పక్కకు తీసి ఆపాను. వెనకనుంచి ఈల వినిపించింది. దాటిపోతే బాగుండుననుకున్నాను. అతను ఆపి, దిగి వచ్చి, క్యాబిన్ ఎత్తి చూశాడు.

“ఇది నా బండి నంబరు గదప్పా. నీకు యాడ దొరికె?”

చొక్కా మీద ఇంకా పోని గ్రీజు మరకను చేత్తో కప్పుకున్నాను.

“ఆ దినం సైకిలు చైను ఇదేనా?” అని నవ్వాడు. ఎగతాళి నవ్వయితే ఓర్చుకునేవాణ్ణి. “అడిగింటే చెప్పేవాణ్ణి గదప్పా. నాది పెద్ద పవరు ఇంజను. నీది ముందరి ఏడుది, చిన్నది. లోపల ఇంత పెద్ద చక్రం తిరగాలంటే నీ ఇంజను వదిలే పొగ చాల్దు. నీ పాతది యాడుంది?”

“అంగట్లో ఇచ్చేసినాను.”

అతను గుడ్డను కిరసనాయిలుతో తడిపి నా ఇంజను పక్కన రుద్దాడు. చెక్కిన అంకెలు బయటపడ్డాయి. ఒక్కొక్కటే చదివి, “రాసుకో. ఈసారి నీ బండిది,” అన్నాడు.

నా మామిడి పొద్దుగూకాక దిగింది. సీజను అతనికి పోయింది.

ఇక లెక్క. తప్పు టర్బో పదమూడువేల ఎనిమిది వందలు. అంగడివాడు తొమ్మిదివేలకు వెనక్కి తీసుకున్నాడు కాబట్టి పోయింది నాలుగువేల ఎనిమిది వందలు. సరైనది పన్నెండువేల ఆరువందలు, బేరమాడలేదు. మేస్త్రికి రెండుసార్ల కూలి పన్నెండు వందలు. ఆయిలు తొమ్మిది వందలు. సీజను బాడుగలు వెయ్యలేదు, చేతికి రాని డబ్బును పోయినట్టు రాయకూడదని మా నాన్న నియమం. టర్బో బిగించేచోట మధ్యలో పెట్టే గాస్కెట్టు తోడల్లుడు తన దగ్గరున్నది ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. అతని దగ్గర ఊరికే తీసుకున్నానన్నది కాగితం మీద కూడా మిగలకూడదని దాన్ని నూటఇరవైగా వేసుకున్నాను. మొత్తం పంతొమ్మిదివేల ఆరువందల ఇరవై.